సీడీ డ్రైవు చెడిపోతే కంప్యూటరు చచ్చినట్టేనా?

కాలేజీలలో కంప్యూటరుకు మరణశాసనం రాయడం బహు తేలిక. సీడీ డ్రైవు తెరుచుకోదు. పెన్‌డ్రైవు పెడితే తెర మీద చిన్న తెల్లగీత మిణుకుమిణుకుమంటుందే తప్ప మరేమీ రాదు. లోపలున్న సిస్టం పాతబడిపోయింది, కొత్తది ఎక్కించే దారి కనబడదు. ఇంకేముంది? స్టాకు రిజిస్టరులో 'అన్‌సర్వీసబుల్' అని ఒక్క మాట పడుతుంది. యంత్రం మూలగదికి చేరుతుంది, ఆపైన ఏదో ఒకనాడు తుక్కు లెక్కన వేలంలో పోతుంది. ప్రాసెసరు బాగానే ఉంది, మెమరీ బాగానే ఉంది, హార్డ్‌డిస్కు తిరుగుతూనే ఉంది. చెడిందల్లా సరుకు లోపలికి వచ్చే వాకిలి. తలుపు బిగుసుకుపోయిందని ఇల్లు పడగొట్టేవాణ్ణి చూసి ఊరంతా నవ్వుతుంది. కంప్యూటరు విషయంలో అదే పని చేస్తే మనం నవ్వం సరికదా, కమిటీ వేసి సంతకాలు పెడతాం.

ఈ గొడవ ఇప్పుడే ఎందుకని అడగవచ్చు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. కొన్ని షరతుల మీద కొంతకాలం పొడిగింపు ఇచ్చినా అది వాయిదాయే గాని పరిష్కారం కాదు. విండోస్ 11 వేద్దామా అంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా భాగమూ కాస్త కొత్త తరం ప్రాసెసరూ లేనిదే రానంటుంది. అందుచేత నడుస్తున్న యంత్రాలు సైతం నడవనివాటి జాబితాలో చేరిపోయే కాలం వచ్చింది. ఇటువంటప్పుడు యూనిక్స్ వంశానికి చెందిన సిస్టములు, అంటే లినక్స్, ఫ్రీబీఎస్డీ, ఓపెన్‌బీఎస్డీ మొదలైనవి, ఉచితంగా దొరుకుతున్నాయన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. తెలియనిదల్లా, మామూలు దారి మూసుకుపోయినప్పుడు వాటిని యంత్రంలోకి ఎక్కించడం ఎట్లాగన్నది. ఆ విద్యను సిలబసులో చేర్చాలని, అది నేర్పకుండా ఒక్క యంత్రాన్ని కూడా వేలానికి పంపరాదని నా అభిప్రాయం.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇన్‌స్టలేషను అనగానే సీడీ పెట్టి 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కడమేననుకుంటాం. నిజానికి జరిగేవి నాలుగు పనులు. మొదటిది, కెర్నెల్ అనే మూల ప్రోగ్రామును ఏదో ఒక విధంగా మెమరీలోకి తెచ్చి మేల్కొల్పడం. రెండవది, హార్డ్‌డిస్కును భాగాలు చేసి ఫైళ్ళు నిలిచేటట్టు చదును చేయడం. మూడవది, సిస్టం ఫైళ్ళను అక్కడికి చేర్చడం. నాలుగవది, రేపు స్విచ్చి వేసినప్పుడు యంత్రం తనంతట తాను లేచేటట్టు బూట్‌లోడరును నాటడం. ఈ నాలుగింటిలో సీడీకి ప్రత్యేకమైన పాత్ర ఏదీ లేదు. కొత్తింట్లోకి సామాను లారీ మీద వచ్చిందా, ఎడ్లబండి మీద వచ్చిందా, నెత్తిన పెట్టుకుని తెచ్చారా అని ఇల్లు అడగదు. యంత్రమూ అంతే. ఈ నాలుగు పనులను విడివిడిగా చూడగలిగినవాడికి ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి తోస్తుంది. చూడలేనివాడు సీడీ డ్రైవు ముందు చేతులు కట్టుకు నిలబడతాడు.

యూనిక్స్ చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు దాన్ని మొదలుపెట్టారు. మాతృసంస్థ ఏటీ అండ్ టీ 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల కంప్యూటరు వ్యాపారంలోకి దిగడానికి వీల్లేకపోయింది. అందువల్ల యూనిక్స్ నామమాత్రపు ఖర్చుతో యూనివర్సిటీలకు వెళ్ళింది. వెళ్ళింది ఎట్లా? అయస్కాంతపు టేపు చుట్టలుగా, పోస్టులో! 1979లో వచ్చిన ఏడవ ఎడిషనుతో పాటు చార్లెస్ హేలీ, రిచీ కలిసి రాసిన స్థాపన సూచనల పత్రం ఒకటి ఉండేది. టేపు నుంచి లేచే ఏర్పాటు యంత్రంలో ముందే ఉంటే సరే. లేకపోతే ఒక అతి చిన్న ప్రోగ్రామును కొద్దిపాటి అంకెల రూపంలో మనిషే స్వయంగా మెమరీలోకి ఎక్కించాలి. ఆ నాలుగు అంకెలు టేపును కదిలిస్తాయి, టేపు మిగతా సిస్టమును తెస్తుంది. అంటే యూనిక్సుకు అన్నిటికన్నా పాత ప్రత్యామ్నాయ మాధ్యమం మనిషి చేతివేళ్ళే.

తర్వాత ఫ్లాపీల కాలం వచ్చింది. 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసరు ఆమ్‌స్టర్‌డామ్‌లో విద్యార్థుల కోసమే మినిక్స్ అనే చిన్న యూనిక్స్ తరహా సిస్టం రాశారు. పాఠ్యపుస్తకానికి తోడుగా అది ఫ్లాపీల మీద దొరికేది. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన లినక్సును మొదలుపెట్టింది ఆ మినిక్స్ నడుస్తున్న యంత్రం మీదే. మొట్టమొదటి లినక్సును తయారు చేసుకోవాలంటే మినిక్స్ ఉండి తీరాలి. ఒక సిస్టం భుజాల మీద ఎక్కి ఇంకొక సిస్టం లోపలికి దూకిందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది. 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ విడుదల చేసిన స్లాక్‌వేర్ మొదటి సంచిక 24 ఫ్లాపీల మీదికి వచ్చేది. ఇరవైమూడు ఫ్లాపీలు బుద్ధిగా పనిచేసి, ఇరవైనాలుగోదాని మీద ఒక గీత పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక్క 700 ఎంబీ సీడీలో పట్టే సరుకుకు 1.44 ఎంబీ ఫ్లాపీలు 480కి పైగా కావాలి.

సీడీ రాగానే కష్టాలు తీరలేదు. సీడీ నుంచి నేరుగా లేవడం యంత్రాలకు మొదట్లో తెలియదు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు 'ఎల్ టొరీటో' అనే ఒడంబడికను రూపొందించాకే క్రమంగా ఆ అలవాటు వచ్చింది. అప్పటిదాకా సిస్టమంతా సీడీలో ఉన్నా, దాన్ని లేపడానికి పక్కన ఒక ఫ్లాపీ కావలసివచ్చేది. మన దేశంలో 1990ల రెండవ భాగంలో పీసీక్వెస్ట్ వంటి పత్రికలు లినక్స్ సీడీలను జతచేసి అమ్మేవి. ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీద నత్తనడక నడిచే ఆ రోజుల్లో, పత్రిక కొన్నవాడి చుట్టూ నలుగురు చేరేవారు. తర్వాత ఉబుంటువారు 'షిప్‌ఇట్' పేరున అడిగినవారికల్లా ఉచితంగా సీడీలు పోస్టు చేశారు, 2011లో ఆ పథకం ఆగిపోయింది. ఈ కాలేజిలో చదివి వెళ్ళిన పెద్దల ఇళ్ళల్లో ఆ అట్టకవర్ల సీడీలు ఒకటి రెండు ఇంకా ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇదంతా పాత పురాణం, ఇప్పుడు పెన్‌డ్రైవు ఉందిగా అంటారు. ఉంది. నూటికి తొంభై సందర్భాల్లో అదే సుఖం. ఈనాటి లినక్స్ ఇమేజీ ఫైలు చాలావరకు సీడీకీ పెన్‌డ్రైవుకీ రెండింటికీ పనికివచ్చేటట్టే తయారవుతుంది. 'డీడీ' అనే రెండక్షరాల ఆజ్ఞతో దాన్ని పెన్‌డ్రైవు మీద యథాతథంగా దించవచ్చు. అయితే ఆ ఆజ్ఞకు దయాదాక్షిణ్యాలు లేవు. పెన్‌డ్రైవు పేరుకు బదులు హార్డ్‌డిస్కు పేరు రాస్తే మారుమాట్లాడకుండా దాన్నే తుడిచిపెడుతుంది. కాబట్టి ఆ ఆజ్ఞ ఇచ్చేముందు డిస్కుల జాబితా తెప్పించుకుని, సైజు చూసి, ఏది ఏదో తేల్చుకోవడం మొదటి పాఠం.

పెన్‌డ్రైవును గుర్తుపట్టని పాత యంత్రం ఎదురైతే ఏం చేయాలి? ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. మొదటి దారి: ఆ యంత్రంలో ఇప్పటికే ఏదో ఒక లినక్స్, ఎంత పాతదైనా సరే, నడుస్తూ ఉంటే, కొత్త ఇన్‌స్టాలరు తాలూకు కెర్నెలునూ దానికి తోడైన చిన్న ఫైలునూ ఆ డిస్కు మీదే ఒక మూల పెట్టి, బూట్‌లోడరుకు 'ఈసారి దీన్ని లేపు' అని చెప్పవచ్చు. ఓపెన్‌బీఎస్డీలో ఇది మరీ సులువు. కెర్నెలూ ఇన్‌స్టాలరూ కలిసి 'బీఎస్డీ.ఆర్‌డీ' అనే ఒకే ఫైలులో ఉంటాయి. ఉన్న సిస్టములో దాన్ని పెట్టి, బూట్ సమయంలో దాని పేరు టైపు చేస్తే చాలు.

రెండవ దారి: డెబియన్‌లో 'డీబూట్‌స్ట్రాప్' అనే పనిముట్టు ఉంది. నడుస్తున్న లినక్సులో కూర్చుని, పక్కనున్న ఖాళీ భాగంలో కొత్త డెబియనును మొలిపించవచ్చు. ఇన్‌స్టాలరు అవసరమే లేదు. మినిక్స్ భుజాల మీద లినక్స్ ఎక్కిందని ఇందాక అన్నానే, అదే ఉపాయం! మూడవ దారి మరీ మొరటుది, కాని మన మెకానిక్కులకు బాగా ఇష్టమైనది. డిస్కును ఊడదీసి బాగున్న యంత్రానికి తగిలించి, అక్కడ సిస్టం వేసి, తిరిగి తెచ్చి బిగించడం. ఈనాటి లినక్స్ డిస్కు భాగాలను తగిలించిన వరుసను బట్టి కాక వాటికి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్యలను బట్టి పోల్చుకుంటుంది గనుక చాలాసార్లు ఇది నెగ్గుతుంది. నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోవడం వంటి చిల్లర చిక్కులు వస్తాయి. ఆ చిక్కులు విప్పుకోవడం కూడా చదువే.

నాలుగవ దారి లాబొరేటరీలకు రాజమార్గం. అది నెట్‌వర్క్ మీదుగా లేపడం. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ వారి డిస్కులేని వర్క్‌స్టేషన్లు ఇట్లాగే లేచేవి. పీసీల లోకంలో దీన్ని ఇంటెల్ 1990ల చివర 'పీఎక్స్‌ఈ' పేరున స్థిరపరచింది. పద్ధతి చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. స్విచ్చి వేయగానే నెట్‌వర్క్ కార్డు 'నేనెవర్ని? నాకు చిరునామా ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా?' అని కేకవేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వరు పలికి, చిరునామాతో పాటు 'ఫలానా ఫైలు తెచ్చుకో' అని చెబుతుంది. ఆ ఫైలును తెచ్చేది టీఎఫ్‌టీపీ అనే పద్ధతి. 1981 నాటి ఆ ప్రామాణికం ప్రకారం అది ఒక్కో విడతకు 512 బైట్లు మాత్రమే తెచ్చి, 'అందింది' అన్న మాట విన్నాకే తర్వాతి ముక్క పంపుతుంది. మూటలు మోసే ముసలి కూలీవంటిది. అయినా మొదటి చిన్న ఫైళ్ళకు చాలు. కెర్నెల్ మేల్కొన్నాక పెద్ద సరుకంతా వేగమైన దారిలో వచ్చేస్తుంది.

అరవై యంత్రాల గదిని ఊహించుకోండి. పెన్‌డ్రైవు పట్టుకుని యంత్రం నుంచి యంత్రానికి తిరిగితే, ప్రతి చోటా అవే ప్రశ్నలకు అవే జవాబులు టైపు చేస్తే, రెండు మూడు రోజులు పడుతుంది, చేతులు పడిపోతాయి. అదే ఒక మూలనున్న పాత కంప్యూటరును సర్వరుగా నిలబెట్టి, 'డీఎన్ఎస్‌మాస్క్' అనే చిన్న ప్రోగ్రాముతో ఈ ఏర్పాటంతా చేయవచ్చు. జవాబులన్నీ ముందే రాసిన 'ప్రీసీడ్' ఫైలు ఒకటి ఇస్తే డెబియన్ ఇన్‌స్టాలరు ఎవరినీ ఏమీ అడగకుండా పని ముగిస్తుంది. ఇంటర్నెట్ నుంచి ఒకసారి వచ్చిన ప్యాకేజీని దాచిపెట్టి మిగతా యంత్రాలకు పంచే ప్రోగ్రాములూ ఉన్నాయి కాబట్టి నెట్ లైను సన్నగా ఉన్నా ఫరవాలేదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయకపోతే బాధ్యత మరచినట్టవుతుంది. కాలేజి నెట్‌వర్కులో ఇప్పటికే ఒక డీహెచ్‌సీపీ సర్వరు ఉంటుంది. మనం రెండోదాన్ని నిలబెడితే రెండూ పోటీపడి చిరునామాలు పంచుతాయి, లైబ్రరీలోనూ ఆఫీసులోనూ కంప్యూటర్లు తికమకపడతాయి, ప్రిన్సిపాలుగారి గది నుంచి కబురు వస్తుంది! విడి స్విచ్చి పెట్టి ఆ గదిని వేరుచేయాలి, లేదా చిరునామాలు పంచకుండా ఫైలు పేరు మాత్రమే చెప్పే 'ప్రాక్సీ' పద్ధతిని వాడాలి. రెండవది, ప్రశ్నలడగని ఇన్‌స్టాలరు ప్రశ్నలడగకుండానే డిస్కు తుడుస్తుంది. ఎవరి సొంత లాప్‌టాపయినా పొరబాటున ఆ తీగకు తగిలి నెట్‌వర్కు నుంచి లేస్తే ప్రాజెక్టు రిపోర్టు గంగలో కలిసినట్టే. కాబట్టి మొదటి మెనూలో 'హార్డ్‌డిస్కు నుంచే లేవు' అన్నది ముందుండాలి, ఇన్‌స్టలేషను కావాలని ఎంచుకుంటేనే జరగాలి.

ఇక ఆక్షేపణలు. లెక్చరర్లు అనేది మొదటిది: మా సిలబసు సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుంది. కొన్నిటి విషయంలో నిజమే. ఆటోక్యాడ్ వంటిది లినక్స్ మీద నేరుగా నడవదు. దానికి కొత్త యంత్రాలు కొనండి, కాదనను. కాని సీ, పైథాన్, డేటాబేసులు, నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాక్టికల్సు, ప్రాజెక్టు రిపోర్టుల టైపింగు - ఇవన్నీ లినక్స్ మీద హాయిగా సాగుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలే ఏళ్ళ తరబడి లినక్స్ మీద కంప్యూటరు చదువు నడుపుతున్నాయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే జీఎన్‌యూ/లినక్సును తయారుచేసింది. సీ-డ్యాక్ 2007లో 'బాస్' అనే భారతీయ లినక్సును విడుదల చేసింది. బడిపిల్లలకు సాధ్యమైంది యూనివర్సిటీ కాలేజికి అసాధ్యమంటే ఎవరు నమ్ముతారు?

రెండవ ఆక్షేపణ: పాత యంత్రాలన్నీ బాగుపడతాయా? పడవు. 2006లో వచ్చిన కోర్ 2 డుయో నాటికే డెస్క్‌టాపు ప్రాసెసర్లు 64 బిట్లవయ్యాయి కాబట్టి ఆ తర్వాతివాటికి నేటి సిస్టములు దొరుకుతాయి. అంతకుముందరి 32 బిట్ల యంత్రాలకు దారులు సన్నగిల్లుతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది. నెట్‌బీఎస్డీ వంటివి ఇంకా ఆదరిస్తున్నా, కరెంటు ఎక్కువ తాగి పని తక్కువ చేసే యంత్రాన్ని సాగనంపడమే మంచిది. నేననేది అన్నిటినీ ఉంచమని కాదు, ప్రయత్నించి చూశాక పంపమని. వైద్యుడు నాడి పట్టకుండా మరణధ్రువపత్రం రాయకూడదు కదా!

మూడవది, విద్యార్థులు చెయ్యి పెడితే పాడుచేస్తారన్న భయం. వేలానికి సిద్ధమైన యంత్రాన్ని ఇంకేం పాడుచేస్తారు? మెడికల్ కాలేజీలో శవాన్ని కోయనివ్వకుండా డాక్టర్లను తయారు చేయలేరు. మనకు ఆ మూలగదే డిసెక్షన్ హాలు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరులో బూట్ ప్రక్రియ మీద పది మార్కుల జవాబు గడగడా రాసి, బూట్ కాని యంత్రం ముందు నోరు తెరిచే పట్టభద్రులు మనలో ఎందరున్నారో ఎవరికి వారే లెక్కవేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం విద్యార్థి మిత్రులను గట్టిగా మందలించాలి. హాస్టల్లో ఒకరి పెన్‌డ్రైవు ఇంకొకరికి, అక్కడి నుంచి పదిమందికి చేతులు మారుతుంది. అందులోని సిస్టం ఎక్కడిదో, ఎవరు ముట్టుకున్నారో అడిగేవాడు లేడు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దొంగలు చొరబడి, అసలు ఇమేజీకి బదులు దొంగదారి పెట్టిన ఇమేజీకి జనాన్ని మళ్ళించారు. ఆ పని అంత పేరున్న చోటే జరిగితే మన పెన్‌డ్రైవుల మాటేమిటి? ప్రతి ఇమేజీకీ దాన్ని తయారు చేసినవారు ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో ఒక పొడవైన సంఖ్య ప్రకటిస్తారు, దానికి డిజిటల్ సంతకం చేస్తారు. మన దగ్గరున్న ఫైలుకు అదే సంఖ్య వస్తోందో లేదో చూడటానికి ఒక నిమిషం పడుతుంది. దారి ఏదైనా ఫరవాలేదు, సరుకు మాత్రం అసలుదై ఉండాలి. సంతకం కూడా సరిచూస్తే ఆ సంఖ్యనే మార్చిన దొంగ దొరికిపోతాడు.

అందుచేత నేను కోరేవి నాలుగు. డిపార్టుమెంటువారు ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న చేర్చాలి: సీడీ గాని పెన్‌డ్రైవు గాని వాడకుండా ఈ యంత్రంలో ఒక సిస్టం ఎక్కించి చూపు. యాజమాన్యంవారు ఏ కంప్యూటరునైనా పనికిరానిదని రాసేముందు విద్యార్థుల బృందానికి నెలరోజులు గడువివ్వాలి. తుడవకూడని పాత లెక్కలూ రికార్డులూ ఉంటే ముందే తీసి భద్రపరచే పూచీ ఆఫీసుది. లైబ్రరీవారు సరిచూసిన ఇమేజీలను ఒక పెన్‌డ్రైవుల పెట్టెలో పుస్తకాల మాదిరే రిజిస్టరు వేసి అరువివ్వాలి. మన యూనియను వార్షికోత్సవాల ఖర్చులో కొంత తగ్గించుకుని ఒక స్విచ్చి, కొన్ని తీగలు కొని, ఏటా ఒక ఆదివారం ఇన్‌స్టలేషను శిబిరం నడపాలి. పూర్వవిద్యార్థులు ఆనాడు వచ్చి, ఫ్లాపీల రోజుల అనుభవం జూనియర్లకు పంచితే అంతకన్నా గొప్ప విరాళం లేదు.

కంప్యూటర్లు తక్కువైన కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు మన మధ్య చాలామందే ఉన్నారు. ఆ మూలగదిలోని యంత్రం బాగుపడితే హాస్టలు రీడింగ్ రూములో రాత్రి పదింటి దాకా అట్లాంటివారికి పనికివస్తుంది. బాగుచేసినవారికి వచ్చిన విద్య రేపు ఉద్యోగంలోనూ వెంట ఉంటుంది. ఎక్కడో గదిలో ఉన్న సర్వరుకు తెరా ఉండదు, సీడీ డ్రైవూ ఉండదు. దాన్ని దూరం నుంచే లేపి సిస్టం ఎక్కించమని పై అధికారి అడిగిననాడు, మన పిల్లవాడు మూలగది తాళం తెరిచిన రోజును తలుచుకుంటాడు. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా ఆ గది తాళంచెవి విద్యార్థుల చేతికివ్వాలని యూనియను తీర్మానం చేయాలి. రాబోయే సావనీరులో ఎన్ని యంత్రాలు లేచాయో లెక్క అచ్చువేద్దాం.